పెట్టె మీద మా అత్త

మా ఆయన రంగూను నుంచి తిరిగొచ్చిన రోజున మా అత్త చావుబతుకుల్లో ఉండాలి. అట్లా అని ఆమే ఉత్తరం రాయించింది. కర్నూలు పోస్టాఫీసు ముందర కూర్చుని జనానికి ఉత్తరాలు రాసిపెట్టే ముసలాయన దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయి, "నాయనా, నేనింక ఉండేదాన్ని కాదు, కండ్లారా చూసుకోవల్ల, ఒకసారి వచ్చిపో" అని చెప్పి రాయించింది. మళ్ళీ చదివించుకుని విని, "ఇంకొంచెం ఏడుపు పెట్టప్పా, ఇది సాలదు" అంది. ఆయన ఇంకొంచెం ఏడుపు పెట్టాడు.

జవాబులో మా ఆయన తాను దిగే తేదీ రాశాడు. ఏ పూట రైలో కూడా రాశాడు. మా అత్త అది విని, "ఆ తేదీ అన్నాడంటే దాని మీద ఇంకో వారమో పదినాళ్ళో" అని లెక్కవేసుకుని నిశ్చింతగా ఉండిపోయింది. ఆయన ఆ తేదీకే, ఆ పూటకే దిగాడు. జట్కా మా వాకిట్లో ఆగేసరికి మా అత్త కొంగు నడుముకు బిగించి, పొయ్యి ముందర కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఆ చప్పుడు వీధి మొదట్లోకే వినిపించిందట.

"ఏమ్మా, పానం బాగలేదంటివే?" అన్నాడాయన గడపలో నిలబడి.

మా అత్త రొట్టె మీద చెయ్యి ఆపి, కొడుకును చూసి, సంతోషపడాలో కోప్పడాలో తెలియక ముందు కోప్పడింది. "నువ్వు సెప్పిన పొద్దుకే దిగుతావని నాకేం తెల్సురా! ఎల్లుండో ఆవల ఎల్లుండో మంచమెక్కుదామనుకుంటాంటి. తేదీ రాసినంత మాత్రాన ఆ తేదీకే వస్తారా యెవురన్నా?"

ఆ తర్వాత ఆయన్ను పట్టుకుని బావురుమంది. పిండి చేతులతోనే.

నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. మాది ఇంట్లో తెలుగే మాట్లాడుకునే సాయిబుల ఇల్లు. నా పుట్టిల్లు కడప. పెళ్ళయిన కొత్తల్లోనే మా ఆయన దర్జీ పనికి రంగూను ఓడ ఎక్కాడు, మధ్యలో ఒక్కసారి వచ్చిపోయాడు. అంటే నేను అత్తతో కాపురం చేశాను గానీ మొగుడితో చేసింది లేదు. ఎవరైనా "మీ ఆయన ఎట్లుంటాడమ్మా?" అని అడిగితే పొడుగో పొట్టో చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచించవలసి వచ్చేది. అందుకే మా అత్త ఆడిన నాటకానికి నేను ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ఇంకొంచెం ఏడుపు పెట్టమన్నప్పుడు మనసులో నేనూ "ఔను" అనుకున్నాను.

ఆయన తనతో ఒక కుట్టుమిషను, ఒక గోడ గడియారం, నల్లగా నిగనిగలాడే ఒక పెద్ద ఇనుప పెట్టె తెచ్చుకున్నాడు. వాటితోపాటు టైము అనే రోగం కూడా తెచ్చుకున్నాడని మాకు మర్నాటికి తెలిసింది.

గడియారాన్ని పంచలో గోడకు తగిలించి, టైము సరిచేయాలని బయల్దేరాడు. ఖజానా దగ్గర జవాను గంట కొడతాడు గదా, దానితో సరిచూద్దామని పోతే ఆ జవాను బీడీ తాగడం అయ్యాక కొట్టాడు. స్టేషనుకు పోయి రైలు వచ్చే టైముతో సరిచూద్దామంటే రైలు రాలేదు. అక్కడి కూలీ ఈయన అవస్థ చూసి, "రైలు వచ్చినప్పుడే టైమప్పా, యాల అంత తండ్లాడతావు" అన్నాడట. చివరికి తన జేబు గడియారాన్నే నమ్ముకుని సరిచేశాడు. అది రంగూను టైమో, మద్రాసు టైమో, ఇంకెక్కడిదో మాకెవరికీ తెలియదు. కర్నూలు టైము మాత్రం కాదు.

అది ఠంగుమన్నప్పుడల్లా మా అత్త ఎక్కడున్నా జవాబు చెప్పేది. "వింటిమిలే, పని చేస్తాండాం, కండ్లు కనపల్లేదా?" అని. ఆయన గంట కొట్టగానే అన్నానికి కూర్చునేవాడు. సంగటి ఉడకలేదంటే ఖాళీ పళ్ళెం ముందు పెట్టుకుని అట్లాగే కూర్చునేవాడు. "ఆకలైతాందా నాయనా?" అంటే "లేదు, టైమయింది" అనేవాడు. అట్లాంటి మనిషికి ఏం వడ్డించాలి చెప్పండి!

ఈ రోగం ఎట్లా అంటిందో ఆయనే చెప్పాడు. మా ఆయన పని నేర్చుకున్నది మా ఎదురింటి పంచలోనే, ఒక ముసలి దర్జీ దగ్గర. ఉస్తాదు అంటారు ఆయన్ను అందరూ. ఆ ఉస్తాదు దగ్గర కత్తెర పట్టడం, కాజాలు కుట్టడం నేర్చుకున్నట్టే, ఎవరు ఏమడిగినా "అయితాది" అనడం కూడా నేర్చుకున్నాడు. మన దిక్కు అది మర్యాద. గడప తొక్కి వచ్చి అడిగిన మనిషి మొహం మీద "కాదు" అని ఎట్లా అంటాం? రంగూనులో ఈయన చేరింది ఒక తెల్లదొర నడిపే కుట్టు అంగడి. చేరిన కొత్తల్లో దొర ఒక కోటు చూపించి, "బేస్తవారం నాలుగు గంటలకు అవుతుందా?" అన్నాడు. ఈయన వంగి దండం పెట్టి, "అయితాది దొరా" అన్నాడు. మర్యాద చేశాననే అనుకున్నాడు.

బేస్తవారం నాలుగు గంటలకు, సరిగ్గా నాలుగు గంటలకు, ఒక దొరసాని వచ్చి నిలబడింది. కోటుకు చేతులు లేవు. "ఇంత మర్యాద తెలీని ఆడమనిషిని నేను చూడలేదు, మొదటిసారికే వచ్చేసింది" అని మా ఆయన మనసులో అనుకున్నాడట. దొర అరవలేదు, తిట్టలేదు. ఆ చేతుల్లేని కోటు ఈయనకే తొడిగి, అంగడి ముందర వీధిలో నిలబెట్టాడు. సాయంత్రం దాకా. ఆడవాళ్ళ కోటు! దారిన పోయే బర్మావాళ్ళు, చీనావాళ్ళు, మనవాళ్ళు, అందరూ ఆగి చూసి పోయారు. మన వైజాగు దిక్కు కూలీ ఒకడు ఇది ఇక్కడి కొత్త ఫ్యాషనేమో అనుకుని ఎంతకిస్తావని బేరం కూడా చేశాడట. ఆ పొద్దు నుంచి మా ఆయన నోట "అయితాది" అనే మాట రాలేదు. నాలుగంటే నాలుగే. రేపు అన్న మాట అయితే నోటి నుంచి పూర్తిగా కొట్టేశాడు.

ఇదంతా విని నేను కొంగు నోట్లో పెట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇంక విను. దొర నా పీట ఎవురికీ ఇయ్యకుండా పెట్టినాడు. రంజాను పండగ దాకా ఈడ అంగడి పెట్టి చూస్తా. నడిచిందా, ఉంటా. నడవకుంటే పండగ మర్నాడు పొద్దున రైలుకు పోతా" అన్నాడు.

వేరే మొగుడెవరైనా ఈ మాట అంటే, "సరేలే, పండగ మర్నాడంటే యాడాది తర్వాత" అనుకుని నిద్రపోవచ్చు. ఈయన పోతానంటే పోతాడు. చెప్పిన పూట రైలుకే పోతాడు. టైము తప్పని మొగుడు దొరకడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

అంగడి మా పంచలోనే పెట్టాడు. మొదట వచ్చింది బజారులో కిరాణా అంగడి శెట్టి. చొక్కాకు గుడ్డ తెచ్చాడు. మా ఆయన కొలతలు తీసుకుని, "బేస్తవారం నాలుగు గంటలకు రా శెట్టీ" అన్నాడు. శెట్టి కొత్త అంగడికి దీవెన పెట్టినట్టు నవ్వి, "అట్లేలేప్పా" అని పోయాడు. బేస్తవారం నాలుగు గంటలకు మా ఆయన మడత పెట్టిన చొక్కా రెండు చేతుల మీద పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. శెట్టి రాలేదు. చీకటి పడే ముందు నేనే ఆ చొక్కా తీసుకుని లోపల పెట్టాను. వారం గడిచినా శెట్టి రాలేదు. చివరికి ఈయనే చొక్కా చంకలో పెట్టుకుని శెట్టి అంగడికి పోయాడు.

శెట్టి ఆ చొక్కాను చూసి భయపడ్డాడు. "ఏందిప్పా, అప్పుడే అయిపాయనా?"

"బేస్తవారానికే అయిపాయ. నువ్వు రాకపోతివి."

"బేస్తవారమా!" శెట్టి చొక్కాను వెలుతురులోకి పట్టి, కుట్లను రెండు చేతులతో పీకి చూశాడు. చంకల్లో వేలు దూర్చి చూశాడు. "ఇంత బిరీన కుట్నావంటే నాకు నమ్మకం లేదప్పా. గుడ్డ తడవల్ల, ఆరల్ల. యాడన్నా వదిలిపెట్టినావేమో సూడు." అంతటితో ఊరుకోకుండా ఆ చొక్కాను పట్టుకుని ఎదురింటి ఉస్తాదు దగ్గరికే వచ్చాడు, పరీక్ష చేయించడానికి. ఉస్తాదు కండ్లద్దాలు పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "కుట్టు బాగుండాది. పిల్లోడు శానా పనిమంతుడే. తొందర రోగమొకటి తగులుకునింది, అది పోతే బాగుపడతాడు" అన్నాడు. మా ఆయన ఇవతలి పంచలో నుంచి అంతా విన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆ కోపమంతా మిషను మీద చూపించాడు. సూది విరిగింది.

మా ఊళ్ళో దర్జీకి గుడ్డ ఇవ్వడమంటే ఏమిటో ఆయన రంగూనులో మర్చిపోయాడు. దర్జీ "రేపు రా" అంటే రేపని కాదు, "మళ్ళీ కనపడు" అని. మొదటిసారి పోతే "రేపు" అంటాడు. ఆ తర్వాత "కాజాలు కుట్టల్ల" అంటాడు. ఆ తర్వాత "గుండీలు పెట్టల్ల". పోయినప్పుడల్లా బల్ల మీద కూర్చుని వక్కాకు వేసుకుంటారు, ఊరి సంగతులు చెప్పుకుంటారు, ఎవరి గేదె ఈనిందో ఎవరి కోడలు అలిగిందో తెలుసుకుంటారు. ఉస్తాదు పంచలో ఎన్ని సంబంధాలు కుదిరాయో లెక్కలేదు. పెళ్ళిచూపులకని గుడ్డ ఇచ్చినవాడు బారసాలకు తొడుక్కున్నా ఎవరూ ఏమనుకోరు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా వేరే. రవికల కొలతలు లోపలి గదిలో నేను తీసుకునేదాన్ని. పక్కింటి వదిన ఒకావిడ రవిక గుడ్డ ఇచ్చింది. మా ఆయన మర్నాటికే కుట్టేశాడు. నేను పిలిచి చేతిలో పెడితే ఆమె మొహం ముడుచుకుపోయింది. "ఏమ్మే, అప్పుడే ఇచ్చేస్తివా? రవిక కోసం పోయొస్తానంటేనే మా అత్త గడప దాటనిచ్చేది. ఇంక నేను ఏమని బయటికి రావల్ల? మీ ఆయనకు ఇంగితం లేదా?" అంది. ఆమె బాధ చూసి నాకే సిగ్గేసింది.

అట్లా ఒక్కొక్కరే జారుకున్నారు. మా పంచలో బల్ల ఖాళీ. ఎదురింటి ఉస్తాదు పంచలో ఇసుక వేస్తే రాలదు. మా ఆయన గడియారం కింద కూర్చుని దాని ముల్లును చూసేవాడు. రంజాను ఒక్కపొద్దుల నెల దగ్గర పడుతోంది. నేను రోజూ ఆ ఇనుప పెట్టెను చూసి మనసులో తిట్టుకునేదాన్ని.

అప్పుడు నాకు తోచింది. మళ్ళీ ఒకావిడ రవికకు వచ్చింది. రవిక కుట్టి ఇనుప పెట్టెలో మడతపెట్టి ఉంది. నేను ఆమె మొహంలోకి చూసి, "అయ్యో, కాలేదక్కా. రేపు రా" అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది! "అట్లనా, సరేలేమ్మా" అని అక్కడే చతికిలబడి, నీళ్ళడిగి తాగి, తన ఆడబిడ్డ సంగతంతా చెప్పి, సాయంత్రానికి లేచింది. మర్నాడు ఇంకొకామెను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఇంకొకామె చేతిలో గుడ్డ ఉంది.

మా ఆయన పంచలో నుంచి విననే విన్నాడు. లోపలికొచ్చి, "రేపంటావేమి? నిన్ననే కుడితినే! పెట్టెలో ఉండాది గదా! అబద్ధాలాడతావా?" అని గట్టిగా అరిచాడు.

"అబద్ధం కాదు, మర్యాద" అన్నాను.

"నా అంగట్లో ఆ మాట అనగూడదు."

"నేనంటా. నీ రంగూను మర్యాద రంగూన్లో పెట్టుకో!" మొగుడి మీద నేను గొంతెత్తడం అదే మొదలు. కాపురం మొదలైనట్టే ఉంది నాకు.

మా అత్త ఇదంతా చూస్తూ రొట్టెలు తట్టింది. మర్నాడు శెట్టి మళ్ళీ వచ్చాడు, అంతకు ముందే తన కొడుకు చొక్కాకు గుడ్డ ఇచ్చి ఉన్నాడు. ఉస్తాదు మెచ్చుకున్నాడు గదా అని ధైర్యం చేశాడు. పంచలో బల్ల అంచున కూర్చుని, భయం భయంగా, "ఏమప్పా, అయిందా?" అన్నాడు. మా ఆయన ఛాతీ విరుచుకుని, "అయింది! పెట్టెలో ఉండాది" అని లోపలికొచ్చాడు. వచ్చి చూస్తే పెట్టె మీద మా అత్త కూర్చుని ఉంది.

"లేమ్మా, చొక్కా తీయల్ల."

"కాళ్ళు పట్టుకున్యాయిరా. లెయ్యలేను."

"ఇప్పుడే గదా నీళ్ళు తెచ్చుకుంటివి?"

"అప్పుడే పట్టుకున్యాయి. ఆ బిందె బరువుకే." మోకాళ్ళు రెండూ రుద్దుకుంటూ అల్లా, అమ్మా అని మూలుగుతోంది. నన్ను చూసి మాత్రం ఒక కన్ను గీటింది. ఆయన బతిమాలాడు, కసిరాడు, చెయ్యి పట్టి లేపబోతే చచ్చిపోతున్నట్టు కేక పెట్టింది. పంచలో శెట్టి ఎదురు చూస్తున్నాడు. రేపు అనడానికి ఈయనకు నోరు రాదు. అబద్ధం చెప్పలేడు. పంచలోకి పోయి, "శెట్టీ... మా యమ్మ లేసినాక రాప్పా" అన్నాడు.

శెట్టికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత తొడ చరుచుకుని పకపకా నవ్వాడు. "ఇన్నాళ్ళకు దర్జీ మాదిరి మాట్లాడితివి! కాజాలు కాలేదు, గుండీలు లేవు అనేటోళ్ళను చూసినాను గానీ, మా యమ్మ లేసినాక అనేటోణ్ణి ఇప్పుడే చూస్తాండా!" అని బల్ల మీద కాళ్ళు మడుచుకుని బాగా కూర్చుని వక్కాకు తీశాడు. సాయంత్రానికల్లా ఆ మాట బజారంతా పాకింది.

ఇంక చూడండి నా సామిరంగా! ఊరు ఊరే మా పంచకు కదిలింది. కొందరు గుడ్డ లేకుండా కూడా వచ్చారు, "అమ్మ లేసినాదా?" అని అడిగి పోదామని. అవతల కల్లూరు నుంచి కూడా బండి కట్టుకుని వచ్చారు. బల్ల చాలక అరుగు మీద చాప వేశాం. మా అత్త పొద్దున్నే పనులన్నీ ముగించుకుని, తలకు నూనె రాసుకుని, కచేరీకి పోయే తాసిల్దారులాగ వచ్చి పెట్టె ఎక్కి కూర్చునేది. మనిషిని బట్టి లేచేది. తొందర ఉన్నవాడికి, పెళ్ళి ఉన్నవాడికి, పాపం దూరం నుంచి వచ్చినవాడికి వెంటనే మోకాళ్ళు బాగయ్యేవి. మిగతావాళ్ళు నాలుగుసార్లు తిరగాల్సిందే. ఉస్తాదు ఒక రోజు వీధి దాటి మా పంచకు వచ్చి, "నా జీవితంలో ఇంత మంచి సాకు నాకు తట్టలేదు" అని మా అత్తను మెచ్చుకుని పోయాడు.

నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనలేదు. అంగడి నడిచింది గదా, ఇంక ఉంటాడు అనుకున్నాను. ఆయన మాత్రం రోజురోజుకూ మొహం మాడ్చుకున్నాడు. ఒక రోజు అన్నం దగ్గర అడిగితే, "యాడ నడిచిందే అంగడి? ఈ ఊర్లో నా మాటకు విలువ లేదు, మా యమ్మ మోకాళ్ళకు ఉండాది. దొరకు మాటిచ్చినా. పండగ మర్నాడు పోతాండా" అన్నాడు.

రంజాను నెల వచ్చింది. పండగకు తొడుక్కునే బట్టలతో ఇల్లు నిండిపోయింది. ఈయన అన్నీ పండగ ముందు రోజు సాయంత్రం నాలుగుకు ఇచ్చేద్దామని లెక్క వేసుకుని, పండగ ఏ పొద్దో కనుక్కుందామని మసీదు పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆయన గడ్డం నిమురుకుని, "నెలవంక కనపడితే రేపు. కనపడకుంటే ఎల్లుండి" అన్నాడు.

ఈయన ఇంటికొచ్చి ఎగిరాడు. "ఇంత పెద్ద పండగకు ఒక తేదీ లేదా? ఊరంతా బట్టలు కుట్టించుకుంటాండారు, రేపా ఎల్లుండా అంటే ఎట్ల?"

మా అత్త సేమ్యాలు ఎండబెడుతూ తల కూడా ఎత్తలేదు. "పైనున్న దేవుడే రేపో ఎల్లుండో అంటాండాడు. నువ్వు యాడ మొనగాడివి వచ్చినావురా నాలుగు గంటలకు?"

ఆ సాయంత్రం ఊరంతా మిద్దెలెక్కి పడమటి దిక్కు చూశారు. మేమూ ఎక్కాం. హంద్రి ఏటి మీదుగా మబ్బు కమ్మి ఉంది. పిల్లలు "అదిగో, ఇదిగో" అన్నారు గానీ ఎవరికీ నెలవంక కనపడలేదు. పండగ ఎల్లుండికి పోయింది. ఆయన రైలు కూడా ఒక రోజు వెనక్కి పోయింది. అందరూ "అయ్యో" అంటుంటే నేనొక్కదాన్నే ఆ మబ్బుకు దండం పెట్టుకున్నాను.

ఒక్క మబ్బు ఎన్నాళ్ళు కాపాడుతుంది? పండగ వచ్చింది. వీధిలో ఎవరిని చూసినా మా ఆయన కుట్టిన బట్టలే. శెట్టి కూడా కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి పాయసం తాగి పోయాడు. మధ్యాహ్నం అందరూ పోయాక మా ఆయన ఇనుప పెట్టె ఖాళీ చేసి తన బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వచ్చాయి.

"దొరకిచ్చిన మాట జ్ఞాపకముండాది నీకు. నిఖా నాడు పదిమందిలో నాకిచ్చిన మాటకు టైము లేదా? అది ఏ బేస్తవారానికి?" అన్నాను.

ఆయన చొక్కా మడత పెడుతూ ఆగాడు. మళ్ళీ మడత పెట్టాడు. నేను పొయ్యి దగ్గరికి పోయి దారికి రొట్టెలు చేశాను, ఉప్పుకు బదులు కండ్లనీళ్ళు సరిపోయాయి.

మర్నాడు పొద్దున జట్కా టైముకే వచ్చింది. ఆ జట్కావాడు బతుకులో టైముకు వచ్చింది ఆ ఒక్క రోజే అనుకుంటాను, వాణ్ణి ఎంత తిట్టుకున్నానో! మా ఆయన కోటు, టోపీ పెట్టుకుని తయారై, పెట్టె తీసుకోవడానికి లోపలికొచ్చాడు. పెట్టె మీద మా అత్త కూర్చుని ఉంది.

"లేమ్మా."

"కాళ్ళు పట్టుకున్యాయిరా."

"అమ్మా, ఇది అంగడి కాదు. రైలు పోతాది."

ఈసారి ఆమె మూలగలేదు, మోకాళ్ళు రుద్దుకోలేదు, నాకు కన్ను గీటలేదు. కొడుకు మొహంలోకి చూసి మామూలుగా, నెమ్మదిగా అంది. "ఒకటి సెప్పిపోరా. నేను నిజంగా మంచం పట్టి ఉత్తరం రాయిస్తాననుకో. నువ్వు తేదీ రాస్తావు. ఆ తేదీకే దిగుతావు, నాకు తెల్సు, నీ మాట తప్పదు. ఆ తేదీ దాకా నేనుండల్ల గదా? నాకు నీ మాదిరి టైము తెల్దు నాయనా."

గోడ మీద గడియారం ఠంగుమంది. మొదటిసారి మా అత్త దానికి జవాబు చెప్పలేదు. బయట నుంచి జట్కావాడు కేకేశాడు. "ఏమప్పా, పోదామా? రైలుకు టైమయితాంది!"

ఆయన అమ్మను చూశాడు. నన్ను చూశాడు. నేను గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాను, నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. నెమ్మదిగా టోపీ తీసి మిషను మీద పెట్టి, పంచలోకి పోయాడు.

"మీ యమ్మ లేసినాకనా?" అన్నాడు జట్కావాడు నవ్వుతూ.

"కాదప్పా" అన్నాడాయన. రంగూను వీధిలో చేతుల్లేని కోటు తొడుక్కుని నిలబడిన నాటి నుంచి తన నోట రానివ్వని మాట అది, ఎంత కష్టమైందో పాపం. "రేపు పోదాం."

జట్కావాడు కర్నూలు మనిషి. "అట్లేలేప్పా" అని గుర్రాన్ని తిప్పుకుని పోయాడు. మర్నాడు రానూ లేదు. మా అత్త టక్కున పెట్టె మీద నుంచి లేచి, కొంగు నడుముకు చుట్టి, "పొద్దున్నే ఏమీ తినలేదు గదా" అంటూ పొయ్యి దగ్గరికి పోయింది. మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. రంగూను మీద జపాను బాంబులు పడ్డాయని, మనవాళ్ళు అడవుల వెంట నడిచి వస్తున్నారని బజారులో చెప్పుకున్నారు. మా ఆయన ఆ రోజు మిషను తొక్కలేదు. దొర ఏమయ్యాడో, తన పీట ఏమయిందో అని గడియారం కింద చాలాసేపు కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కొన్నేళ్ళకు మా అత్త నిజంగానే మంచం పట్టింది. ఉత్తరం ఎవరూ రాయాల్సిన పని లేకపోయింది, ఆయన ఆమె తల దగ్గరే ఉన్నాడు. గడియారం కొట్టినప్పుడు ఆమె పెదవులు కదిలాయి. దాన్ని ఏమని తిట్టిందో మాకు వినపడలేదు.

జట్కావాడు మాత్రం మా వాకిలి ముందు నుంచి పోయినప్పుడల్లా కేకేసేవాడు. "ఏమప్పా, రేపేనా?" అని. మా ఆయన మిషను మీద నుంచి తల ఎత్తకుండా "రేపేలేప్పా" అనేవాడు. అది వినపడినప్పుడల్లా నేను ఏ పనిలో ఉన్నా ఒక్క క్షణం చెయ్యి ఆపి విని, మళ్ళీ పని చేసుకునేదాన్ని.